వెతికితే దొరకని ఆమె: ఈ-పుస్తకానికి సూచిక ఎందుకు?

తెలుగు పుస్తకాల్లో ముందు పేజీల్లో విషయసూచిక తప్పకుండా ఉంటుంది. చివర ఉండాల్సిన పదసూచిక మాత్రం చాలా పుస్తకాల్లో కనిపించదు. ఎవరు చేస్తారు, ఎంత ఖర్చు, ఎవరు చూస్తారు అన్నవి పాత సాకులు. ఈ-పుస్తకం వచ్చాక వీటికి ఇంకొకటి తోడైంది: "సెర్చ్ ఉంది కదా, సూచిక దేనికి?" నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు స్త్రీల చరిత్ర మీద వచ్చిన వ్యాసాలను కొందరం కలిసి ఈ-పుస్తకంగా తెస్తున్నాం. సూచిక తయారుచేసే పని నాకొచ్చింది. ఆ ప్రశ్న కూడా నా దగ్గరికే వచ్చింది. దీన్ని సాంకేతిక ప్రశ్నగా తీసుకుంటే జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కానీ ఇది స్త్రీవాద విమర్శకు సంబంధించిన ప్రశ్న అని పనిలోకి దిగిన కొద్దీ నాకు స్పష్టమైంది.

భండారు అచ్చమాంబనే తీసుకుందాం. ఆమె 1874లో నందిగామ దగ్గరి పెనుగంచిప్రోలులో పుట్టారు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రచురించారు. స్త్రీలు అబలలు, అవివేకులు అనే వాదాన్ని చరిత్రలోని స్త్రీల జీవితాలతోనే ఖండించడం ఆ పుస్తకం ఉద్దేశం. 1902లో ఆమె కథ 'ధనత్రయోదశి' 'హిందూ సుందరి' పత్రికలో వచ్చింది. అదే ఏడాది ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. 1905లో, ముప్పై ఒక్కేళ్లయినా నిండీ నిండకుండానే చనిపోయారు. ఇంత చేసిన మనిషి మా సంకలనంలోని ఒక వ్యాసంలో "లక్ష్మణరావుగారి అక్కగారు". మరొకదానిలో "మాధవరావుగారి ధర్మపత్ని". ఇంకొక చోట "ఆ విదుషీమణి". అచ్చమాంబ అని కొట్టి వెతికితే ఈ మూడు చోట్లా ఆమె దొరకరు. తమ్ముడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు మాత్రం ప్రతిచోటా దొరుకుతారు. ఆయన్ను ఎవరూ "అచ్చమాంబగారి తమ్ముడు" అని రాసి ఊరుకోలేదు మరి.

సెర్చ్ అక్షరాలను పట్టుకుంటుంది. ఆ మాట ఎవరి గురించో దానికి తెలియదు. పురుషుడు పేరుతోనూ స్త్రీ వరసతోనూ నమోదయ్యే రచనా సంప్రదాయంలో సెర్చ్ ఆ సంప్రదాయాన్నే మళ్లీ అప్పజెబుతుంది. సూచిక రాసే మనిషి ఆ పేరా చదివి, "అక్కగారు" ఎవరో తెలుసుకుని, 'భండారు అచ్చమాంబ' కింద దాన్ని చేరుస్తుంది. 'కొమర్రాజు అచ్చమాంబ' అని వెతికేవాళ్ల కోసం 'చూ. భండారు అచ్చమాంబ' అని దారి చూపిస్తుంది. పెళ్లితో ఇంటిపేరు మారే సమాజంలో ఈ 'చూ.' అనే చిన్న గుర్తు చేసే పని చిన్నది కాదు.

తెలుగు భాష స్వభావం వల్ల కూడా సెర్చ్‌కి చిక్కులున్నాయి. 'ఇల్లు' అని వెతికితే 'ఇంటి', 'ఇంట్లో', 'ఇళ్లు', 'వంటింట్లో' రావు. స్త్రీల రచనల్లో ఇల్లు లేకుండా ఏం మిగులుతుంది? పాత పుస్తకాల్లో బండి ఱ ఉంటుంది, ఇప్పటివాళ్లు మామూలు ర రాస్తారు. చదివేవాళ్లకు రెండూ ఒకటే పేరు, యంత్రానికి వేరువేరు. పాత అను ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైళ్ల సంగతి మరీ కష్టం. తెర మీద తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉన్నవి తెలుగు సంకేతాలు కావు. యూనికోడ్‌లోకి మార్చేదాకా అందులో ఏం వెతికినా ప్రయోజనం లేదు.

ఇక లింకుల సంగతి. అచ్చు పుస్తకంలో సూచిక పేజీ నంబరు చూపిస్తుంది. ఈపబ్‌లో పేజీ నిలకడగా ఉండదు. పాఠకురాలు అక్షరం కాస్త పెద్దది చేసుకుంటే పేజీలన్నీ మారిపోతాయి. అందువల్ల సూచిక నంబరుకి కాకుండా చోటుకే ముడిపడాలి. ప్రస్తావన ఉన్న పేరా మొదట్లో పైకి కనపడని ఒక గుర్తు, అంటే ఐడీ, పెడతాం. సూచికలోని లింకులో ఆ అధ్యాయం ఫైలు పేరూ ఆ ఐడీ ఉంటాయి. ఒక ఫైల్లో ఒక ఐడీ ఒక్కసారే రావాలి. తర్వాత ముందు పేరాలు పెరిగినా తరిగినా ఐడీ తన పేరాతోపాటే కదులుతుంది కాబట్టి లింకు చెడదు. ఇన్‌డిజైన్‌లో 2013 నుంచి, సూచిక గుర్తులు ముందే పెట్టుకుంటే, ఈపబ్‌లోకి లింకులతో సహా వస్తుంది. ఈపబ్ సూచికలకంటూ ప్రత్యేక ప్రమాణం 2015లో వచ్చింది. అదంతా లేకపోయినా మామూలు లింకులతో పని జరిగిపోతుంది.

లింకుకి పైన ఏం రాయాలన్నది అసలు ప్రశ్న. అచ్చు ప్రతి కూడా ఉంటే దాని పేజీ నంబర్లే రాయొచ్చు. మాది ఈ-పుస్తకం మాత్రమే. 1, 2, 3 అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. అందుకని 'అచ్చమాంబ' కింద 'చదువు', 'స్త్రీ సమాజం', 'కథలు' అని ఉపశీర్షికలు పెట్టి వాటికే లింకులిచ్చాను.

అక్కడే విమర్శ మొదలవుతుంది. 'ధనత్రయోదశి'లో భర్త తప్పుదారిన తెచ్చిన డబ్బుని భార్య ఒప్పుకోదు. ఈ కథ మీద రాసిన పేరా ఏ శీర్షిక కిందికి వెళ్లాలి? 'పాతివ్రత్యం' కిందికా, 'స్త్రీల నైతిక నిర్ణయం' కిందికా? నేను రెండో శీర్షిక కింద పెట్టి, మొదటిదాని దగ్గర 'ఇవి కూడా చూడండి' అని రాశాను. ఇంకొకరు తిరగేసి పెట్టొచ్చు. తటస్థమైన సూచిక ఉండదు. వెతకదగిన మనుషులెవరు, విషయాలేవి అని తీర్పు చెప్పే చోటు అది.

ఈ తీర్పు మా ప్రాంతానికి కొత్త కాదు. జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడి ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరపు ప్రాకృత శాసనం ఉంది. అంటే క్రీ.శ. 3వ శతాబ్దం. సిద్ధార్థుడనే శిల్పి అయిదు స్తంభాలు దానం చేస్తూ, తల్లి నాగిలనిని ముందుంచుకుని, భార్య సముదని, కూతురు నాకబుధనిక, సోదరుడి భార్య కనిక పేర్లన్నీ చెక్కించాడు. మా సంకలనంలో ఒక వ్యాసం ఆ స్త్రీలందరినీ ఒక్క మాటలో మడిచేసింది: "సిద్ధార్థుడు సకుటుంబంగా". రాయి మీద ఉన్న పేర్లు కాగితం మీదికొచ్చేసరికి పోయాయి. సూచికలో నాగిలనికీ సముదనికీ నాకబుధనికకీ కనికకీ నాలుగు పదాలు విడివిడిగా ఇచ్చి, నాలుగింటినీ ఆ "సకుటుంబంగా" ఉన్న పేరాకే కలిపాను.

సూచిక చేయలేనిదీ ఉంది. ఈ మెట్ట ప్రాంతంలో పత్తి తీసే, మిరపకాయలు కోసే కూలి స్త్రీల ప్రస్తావనలు మా వ్యాసాల్లో చాలా చోట్ల ఉన్నాయి. ఒక్క పేరూ లేదు. లేని పేరుని సూచిక పుట్టించలేదు. 'మిరపకోత కూలీలు (పేర్లు లేకుండా)' అనే పదం కింద వరసగా లింకులు పెట్టాను. సంపాదకుల్లో ఒకరు ఆ బ్రాకెట్టు అందంగా లేదు, తీసేద్దామన్నారు. ఉండాలన్నాను. అచ్చమాంబ పేరు దొరకకపోవడానికీ వీళ్ల పేరు దొరకకపోవడానికీ తేడా ఉంది. మొదటిదాన్ని జ్ఞాపకం సరిచేస్తుంది. రెండోదానికి ఎవరో ఒకరు పొలానికెళ్లి అడగాలి. ఆ తేడా కూడా సూచికలోనే కనిపించాలి.

నందిగామ, జగ్గయ్యపేట 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. రేపు చదివే అమ్మాయి ఆ పేరుతో వెతుకుతుంది, మా వ్యాసాలన్నీ కృష్ణా జిల్లా అంటాయి. ఊళ్లకీ జిల్లాలకీ పేరు మారితే 'చూ.' రాయడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. స్త్రీల విషయంలోనూ ఆ మాత్రం శ్రమ అడుగుతున్నాను. వ్యాసం రాసేటప్పుడే "ఫలానావారి అక్క" పక్కన ఆమె పేరు రాయండి. పుస్తకం తెచ్చేటప్పుడు సూచికకి వారం రోజులూ కొంత డబ్బూ కేటాయించండి. సమీక్ష రాసేటప్పుడు సూచిక ఉందో లేదో, ఉంటే అందులో ఎవరున్నారో చూసి రాయండి.