నమూనా అంటే అట్టబొమ్మేనా?

సైన్సు ఉపాధ్యాయులకు వేసవి శిక్షణ మన దేశంలో 1963 లోనే మొదలయింది. అమెరికాలోని అరిజోనాలో పుట్టిన నమూనా బోధనపద్ధతి ఆ శిక్షణలో చేర్చదగినదా అన్నది ఇప్పటి ప్రశ్న. చేర్చదగినదే, కాని ఉన్నది ఉన్నట్లు ఎత్తుకొని వస్తే ప్రయోజనం లేదు.

మాల్కం వెల్స్ అక్కడ ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేవారు. 1980 దశకంలో హలూన్, హెస్టెనిస్ అనే ఇద్దరు బలం, చలనాలపై తయారుచేసిన ప్రశ్నలను ఆయన తన విద్యార్థులకు ఇచ్చి చూశారు. లెక్కకట్టే పనే లేదు. విషయం అర్థమయితే చాలు. అయినా చాలామంది తప్పారు. తాను బాగానే చెబుతున్నానని నమ్మిన ఉపాధ్యాయునికి ఇంతకంటె కష్టమేముంటుంది? ఆ దిగులులో నుంచే ఆయన, హెస్టెనిస్ కలిసి ఈ పద్ధతిని రూపొందించారు.

మొదటి చిక్కు మాటలోనే ఉన్నది. నమూనా అనగానే మన పిల్లలకు ప్రదర్శనలో రంగులు పూసిన థర్మోకోల్ అగ్నిపర్వతం గుర్తువస్తుంది. ఇది అది కాదు. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణసంస్థ ఉన్నది గదా, వారు నేర్పే పటరచనే దీనికి సరి అయిన ఉదాహరణ. నాచారం పటంలో రోడ్లుంటాయి, చెరువుంటుంది, కార్ఖానాల చప్పుడుండదు. ఏది వదలాలో తెలిసి వదిలారు గనుకనే పటం పనికివస్తుంది.

తరగతిలో బ్యాటరీ బొమ్మకారు నేలమీద పోతూ ఉంటే, సెకన్ల వారీగా దూరం కొలిచి గ్రాఫు గీస్తారు. సరళరేఖ వస్తుంది. సమాన కాలాలలో సమాన దూరాలు: ఇదే నమూనా. ఇంతటితో ఆగితే పాఠ్యపుస్తకమే చాలు. ఉప్పల్ స్టేషనులో కదిలి తరువాతి స్టేషనులో ఆగే మెట్రోరైలుకు ఇదే రేఖ గీయమనండి. నడుమ కొంతదూరం కుదరవచ్చు. మొదట, చివర కుదరదు. నమూనా ఎక్కడ చెల్లలేదో పిల్లలే పట్టుకొన్నప్పుడు త్వరణం అనే మాటకు అవసరం కలుగుతుంది.

అరిజోనా శిక్షణలో ఉపాధ్యాయులే వారాల తరబడి విద్యార్థులై కొలుస్తారు, తెల్లపలకలపై రాస్తారు, వాదించుకొంటారు. అదే శిక్షణను రెండు మూడు రోజులకు కుదిస్తే పలకలు మిగిలి, వాదన జారిపోతుంది. 40 మంది తరగతిలో నలుగురికి ఒకటి చొప్పున 10 పలకలు. పలకకు మూడు నిమిషాలయితే అరగంట అయిపోయె! పీరియడు 45 నిమిషాలనుకొన్నా ప్రయోగానికి మిగిలేది పావుగంట. కాబట్టి పదీ చదివించకూడదు. ఒకదానితో ఒకటి పొసగని రెండు పలకలను ఏరి, వాటి మధ్య తగవు పెట్టాలి. ఏ రెండు అన్నది ఉపన్యాసం వింటే తెలిసేది కాదు. శిక్షణలో ఎక్కువ పూటలు దానికే పెట్టాలి.