వెనక్కి తిప్పే విద్య

మిత్రబృందంతో చేసే యాత్రను సాధారణంగా వినోదంగానే లెక్కిస్తారు గాని, దానికంటూ ఒక విద్య ఉందనీ, చూడవలసిన చోట్లను ఎంచుకోవడం కంటే చూడకుండా వదిలేయవలసిన చోటును సకాలంలో గుర్తించడమే అందులో కష్టమైన భాగమనీ ఐస్‌లాండ్ వంటి దేశానికి వెళ్ళినప్పుడు గాని బోధపడదు. ఉత్తర అట్లాంటిక్‌లో, ఆర్కిటిక్ వలయానికి కాస్త దిగువన, సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న ఈ ద్వీపం తెలంగాణ రాష్ట్రం కంటే కొంచెం చిన్నది. జనాభా నాలుగు లక్షలకు లోపే. అందులోనూ దాదాపు మూడింట రెండు వంతుల మంది రాజధాని రేక్యావిక్‌లోనూ దాని పరిసరాల్లోనూ ఉండడం వల్ల, ఊరు దాటిన యాత్రికుడికి గంటల తరబడి రాయి, నాచు, మంచు, ఆకాశం తప్ప మరొకటి ఎదురుకాదు.

ఈ ద్వీపం అట్లాంటిక్ మధ్యశ్రేణి మీద ఉంది; అంటే ఉత్తర అమెరికా పలక, యురేషియా పలక అనే రెండు భూఫలకాలు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున ఎడంగా జరుగుతున్న సరిహద్దు, మిగిలిన సముద్రంలో దాదాపు అంతటా నీటి అడుగునే ఉండి, ఇక్కడ మాత్రం నేలగా పైకి తేలింది. అందువల్ల లావా శంకువులాంటి కొండ కొమ్ము నుంచే వెలువడాలన్న నియమం ఇక్కడ లేదు. నేల కిలోమీటర్ల పొడవున నెర్రెవిచ్చి, ఆ నెర్రె వెంట శిలాద్రవం పొంగడాన్ని చీలిక విస్ఫోటం అంటారు. 1783లో లాకి వద్ద మొదలై ఎనిమిది నెలలు సాగిన అటువంటి విస్ఫోటం వెలువరించిన వాయువులు ముందు గడ్డిని, ఆ గడ్డి మేసిన పశువులను, చివరకు కరవు రూపంలో దేశ జనాభాలో సుమారు ఐదో వంతును బలి తీసుకున్నాయి. తెలుగువారికి ఇది పూర్తిగా పరాయి ముచ్చట కాదు: దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను లావా కూడా ప్రధానంగా చీలికల నుంచే పొంగింది. వికారాబాదు, ఆదిలాబాదు వైపు కనిపించే నల్లరాయి, దాని మీద ఏర్పడిన నల్లరేగడి, రాజమహేంద్రవరం దగ్గర గోదావరికి ఇరువైపులా బయటపడే బసాల్టు పొరలు ఆ పొంగుకు మిగిలిన గుర్తులే. అక్కడ ఎప్పుడో చల్లారి, మట్టియై, పత్తి పండిస్తున్న పదార్థం ఇక్కడ ఇంకా పని ముగించలేదు. 2023 నవంబరు 10 రాత్రి గ్రిండావిక్ పట్టణాన్ని వేలాది మంది ఉన్నపళంగా ఖాళీ చేయవలసి వచ్చింది.

ఇటువంటి నేల మీద రోడ్డు వేయడమే ఒక సాహసం. రింగ్ రోడ్డు అనగానే తెలుగు పాఠకుడికి హైదరాబాదు చుట్టూ తిరిగే 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు గుర్తుకు రావచ్చు. ఐస్‌లాండ్‌లో ఆ పేరుతో పిలిచే ఒకటో నంబరు రహదారి దేశాన్నంతటినీ చుట్టి 1,300 కిలోమీటర్లకు పైగా సాగుతుంది, చాలా మేరకు పోవడానికొక వరుస, రావడానికొక వరుసే. దక్షిణాన హిమానీనదాల నుంచి దిగివచ్చే ఏరులు ఇసుకమేటల మీద పాయలు మార్చుకుంటూ ప్రవహించే స్కెయిడారార్ మైదానంలో వంతెనలు పూర్తయ్యేదాకా, అంటే 1974 దాకా, ఆ వలయం కలవనే లేదు. 1996లో వాట్నయోకుల్ అనే మహా హిమఫలకం కింద అగ్నిపర్వతం బద్దలై, కరిగిన నీరు మంచు అడుగున వారాల తరబడి నిండి, నవంబరు 5న ఒక్కసారిగా తెగి వచ్చి ఆ వంతెనల్లో కొన్నింటిని ధ్వంసం చేసింది. మంచు కింద నిలిచిన నీరు ఇలా విరుచుకుపడడాన్ని ఐస్‌లాండ్ భాషలో యోకుల్‌హ్లౌప్ అంటారు, భూవిజ్ఞానులు ప్రపంచమంతటా ఆ మాటనే వాడతారు. ఆనాడు మెలితిరిగిపోయిన ఉక్కు దూలాలను రోడ్డు పక్కనే స్మారకంగా ఉంచారు. వాటి ముందు నిలబడి ఫోటో దిగే యాత్రికులలో ఎందరు ఆ మరుసటి మలుపు దగ్గర వేగం తగ్గిస్తారన్నది వేరే సంగతి.

యాత్రకు నెలల ముందు, ఏ రోజు ఏ జలపాతం, ఏ రాత్రి ఏ బస, మనిషికి ఎంత ఖర్చు అని గడులు గీసి తయారుచేసే పట్టిక బృందానికి కొండంత ధైర్యాన్నిస్తుంది గాని, ఆ పట్టికలో గాలికి గడి ఉండదు. ఐస్‌లాండ్ వాతావరణ సూచనల్లో గాలి వేగాన్ని సెకనుకు ఇన్ని మీటర్లని చెబుతారు. 20 అని చదివి చిన్న సంఖ్యేలే అనుకున్నవారు, అది గంటకు 72 కిలోమీటర్లని లెక్కగట్టాక గాని ఉలిక్కిపడరు. వీపున గాలి పెట్టుకుని నిలిపిన కారు తలుపు తీస్తే అది మడతబందులతో సహా వంగిపోవచ్చు కనుక, కారును గాలికి ఎదురుగా నిలపడం, ఒక్కొక్కరే తలుపును రెండు చేతులా పట్టుకుని దిగడం అక్కడి మొదటి పాఠాలు. ఒకే వాహనం పట్టే వంతెన దగ్గర ముందు చేరువైనవారికి దారి ఇవ్వడం, నాచు పట్టిన నేల మీదికి చక్రం దించకపోవడం (రోడ్డు విడిచి బండి నడపడం చట్టరీత్యా నేరం, చెదిరిన నాచు తిరిగి పట్టడానికి దశాబ్దాలు పడుతుంది) ఆ తరువాతివి. ఇవన్నీ ఒక పూటలో అలవడతాయి. అలవడనిదల్లా, పొద్దున్నే రోడ్ల పటంలో రంగులు చూసి, ఆనాటి ప్రయాణం మానుకుందామన్న మాటను ఎవరు ముందుగా నోరు తెరిచి అనాలన్నది.

ఈ చిక్కుకు ఆ దేశ చరిత్రలోనే ఒక చక్కని దృష్టాంతం ఉంది. సుమారు 930లో థింగ్‌వెల్లిర్ అనే చీలిక లోయలో ఆల్‌థింగ్ అనే మహాసభ ఏర్పడింది. ఏటా అక్కడ కూడే జనానికి న్యాయశిల దగ్గర నిలబడి చట్టాలను కంఠతా వినిపించే అధికారిని చట్టవక్త అనవచ్చు. 1000 ప్రాంతంలో పాత దేవతలను కొలిచేవారికీ క్రైస్తవం స్వీకరించినవారికీ మధ్య వైరం ముదిరినప్పుడు, తీర్పును థోర్గీర్ అనే చట్టవక్తకు అప్పగించడానికి ఉభయపక్షాలూ ఒప్పుకున్నాయి. ఆయన ఒక పగలూ ఒక రాత్రీ ముసుగు తన్ని పడుకుని, లేచి, తాను పాత మతస్థుడై ఉండి కూడా దేశమంతా క్రైస్తవం స్వీకరించాలని చెప్పాడనీ, చాటుగా చేసుకునే పూజలకు, గుర్రపు మాంసానికి మినహాయింపు ఇచ్చాడనీ 12వ శతాబ్దంలో ఆరీ థోర్గిల్సన్ రాసిన చరిత్ర చెబుతోంది. ఇందులో గమనించదగినది తీర్పు కాదు, దాని వరుస: తీర్పు ఏదైనా కట్టుబడతామని వినడానికి ముందే రెండు పక్షాలూ మాట ఇచ్చాయి.

మిత్రబృందాలు చేయనిది సరిగ్గా ఇదే. కారులో ఉన్న నలుగురూ సమానులే గనుక నిర్ణయం ఎప్పటికప్పుడు చర్చతో తేలుతుందనుకుంటారు. తీరా గాలి కమ్ముకున్నాక, విమానం టికెట్ల ఖర్చు గుర్తున్నవారు ముందుకే అంటారు, భయపడ్డవారు పిరికివారనిపించుకోవడానికి జంకి ఊరుకుంటారు, ఎడమవైపు నడపడానికి అలవాటుపడి కుడివైపు నడుపుతున్న చోదకుడు ఒకరి మాటా ఇంకొకరి మౌనమూ వింటూ దారి సగం గమనిస్తాడు. మొహమాటం మన దగ్గర మర్యాద కావచ్చు గాని అక్కడ అది ప్రమాద కారణం. బయలుదేరక ముందే, స్టీరింగ్ పట్టినవారు వెనక్కి అంటే వెనక్కే, ఎందుకని అడగడం రాత్రి భోజనానికి తరువాతే అని కట్టుబాటు చేసుకున్న బృందానికి థోర్గీర్ ముసుగు దొరికినట్టే. వీక్ ఊరి సమీపాన రేనిస్‌ఫ్యారా నల్లఇసుక తీరంలో, వరుసగా చిన్న అలలు వచ్చి మధ్యలో ఒకటి అనుకోని దూరం పాకి మనుషులను లాక్కుపోయిన ఘటనలు ఉన్నాయి. అక్కడ కూడా వెనక్కి రమ్మని పిలిచే బాధ్యత ఒకరికి ముందే అప్పగించి ఉంటే, ఆ పిలుపు చాదస్తంలా వినిపించదు.

మొండిగా ముందుకు వెళ్ళినవారి కోసం రాత్రివేళ బయలుదేరేది జీతగాళ్ళు కారు. లాండ్స్‌బ్యోర్గ్ అనే సంఘం కింద పనిచేసే రక్షక దళాలలో ఉన్నవారు ఉపాధ్యాయులు, రైతులు, వడ్రంగులు వంటి స్వచ్ఛంద సేవకులు. నూతన సంవత్సర వేడుకలకు టపాకాయలు అమ్మి వారు నిధిలో పెద్ద భాగం కూడబెట్టుకుంటారు. ఒక యాత్రికుడి పంతం ఇంకొకరి నిద్రను ఖర్చుపెట్టడం ఏ పట్టికలోనూ రాయని వ్యయం.

వెనుదిరిగిన రోజుకు ఆ దేశం ఇచ్చే ఓదార్పు కూడా భూమి లోపలిదే. పదింట తొమ్మిది ఇళ్లను భూగర్భపు వేడినీటితో వెచ్చబరుచుకునే ఐస్‌లాండ్‌లో చిన్న ఊళ్లకు సైతం ఆరుబయట ఈతకొలను, దాని పక్కనే 38 నుంచి 42 డిగ్రీల నీటితో గుండ్రని తొట్టెలు ఉంటాయి. అక్కడివారికి మన రచ్చబండ వంటివి అవే. దుస్తులన్నీ విడిచి సబ్బుతో స్నానం చేశాకే నీటిలో దిగాలన్న నియమం దగ్గర భారతీయ బృందాలు కాసేపు తటపటాయించడం మామూలే గాని, మెడదాకా వేడినీటిలో మునిగి, తల మీద మంచు రాలుతుండగా, పొద్దున రోడ్డు మీద మింగేసిన మాటలన్నీ అక్కడ ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. చూడలేకపోయిన జలపాతం మీద వాదం మళ్లీ లేస్తుంది, పక్కన కూర్చున్న స్థానిక వృద్ధురాలు రేపు గాలి ఇంకా పెరుగుతుందని చెబుతుంది, ఫోన్లన్నీ లాకర్లో ఉండిపోవడం వల్ల ఆ మాట నిజమో కాదో అప్పటికప్పుడు చూడడానికి వీలుండదు.