పచ్చి వెదురే కుండ

విశాఖపట్నం నుంచి అరకు ఎక్కే ఘాట్ రోడ్డు మీద, అనంతగిరి మండలంలో ఉంది టైడా. కొత్తవలస–కిరండోల్ రైలు మార్గంలో అదొక చిన్న స్టేషను. ఆ ఊరి దగ్గర మొదలుపెట్టి బొర్రా గుహల మలుపు దాటి అరకు దాకా, రోడ్డు పక్కన నిప్పుల మీదికి ఏటవాలుగా ఆనించిన పచ్చి వెదురు గొట్టాలు కనబడుతూనే ఉంటాయి. వాటి మూతుల్లో ఆకులు కుక్కి ఉంటాయి, సందుల్లోంచి సన్నగా ఆవిరి వస్తుంటుంది. బోర్డు మీద బొంగులో చికెన్ అని రాసి ఉంటుంది. ఈ వంటను మెచ్చుకునేవాళ్ళు అందులో పడే మసాలా గురించి మాట్లాడతారు. పెదవి విరిచేవాళ్ళు కూడా మసాలా గురించే మాట్లాడతారు, ఇంట్లో చేసుకునే దానికీ దీనికీ తేడా ఏముందంటారు. ఇద్దరి చూపూ కోడి మీదే ఉంది. కానీ ఇందులో కోడి పని తక్కువ, బొంగు పని ఎక్కువ. నాలుగు దినుసులు కలపడం ఎవరికైనా అరగంటలో వస్తుంది. ఏ గడను నరకాలి, ఎక్కడ కోయాలి, మంటకు ఎంత దూరంలో పెట్టాలి అన్నది మాత్రం అడవిని ఏళ్ళ తరబడి చూస్తే గానీ రాదు. ఈ వంటకు విలువ కట్టాల్సి వస్తే ఆ తెలివికే కట్టాలి.

ఈ మాట తేలాలంటే పండగనాడు పక్షిని కాల్చే మరో సంప్రదాయం పక్కన దీన్ని పెట్టి చూడాలి. నవంబరు నాలుగో గురువారం, థాంక్స్‌గివింగ్ నాడు, అమెరికాలో ఆరేడు కిలోల టర్కీ కోడిని ముక్క చేయకుండా ఓవెన్‌లో మూడు నాలుగు గంటలు కాలుస్తారు. అక్కడి తెలుగు ఇళ్ళలోనూ కొందరు దానికి అల్లం వెల్లుల్లి పట్టించి తమ దారికి తెచ్చుకుంటారు. చూడ్డానికి వైభోగంగా ఉంటుంది గానీ వండేవారికి అదొక పరీక్ష. రొమ్ము కండ 65, 70 డిగ్రీల దగ్గర మెత్తగా తయారవుతుంది, ఆపైన ఎండి పీచులా అవుతుంది. తొడా కాలూ 80 దాటితే గానీ లొంగవు. ఆహార భద్రత కోసం అక్కడి ప్రభుత్వం చెప్పే లెక్క 74. ఒకే పక్షిలో ఇన్ని లెక్కలు కుదరాలి కాబట్టే ముందు రోజు ఉప్పునీళ్ళలో నానబెట్టడం, రొమ్ముకు వెన్న పూయడం, మధ్యలో రేకు కప్పడం, దించాక అరగంట కదపకుండా ఉంచడం. ఇవన్నీ ఒక్క శత్రువు కోసమే: పొడి వేడి మాంసంలోని తడిని లాగేస్తుంది.

కొండ మీది నాటుకోడికి ఈ చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. అది రోజంతా తిరిగి గింజలు ఏరుకునే పక్షి. కొవ్వు తక్కువ, నరం ఎక్కువ. నేరుగా మంట మీద కాలిస్తే తోలు నమిలినట్టుంటుంది. దానికి కావలసింది తడి వేడి, అదీ తీరిగ్గా. ఇంట్లో అయితే కుండా నీళ్ళూ ఉంటాయి. పోడు చేలోనో, వేట దారిలోనో, పొరుగూరి పండగకు నడిచే బాటలోనో కుండ మోసుకెళ్ళడం బరువు, నీళ్ళు మోసుకెళ్ళడం ఇంకా బరువు. పచ్చి వెదురు ఈ రెండు బరువులనూ దించేసింది. అదే పాత్ర, అందులోనే నీరు. పచ్చి గడ బరువులో దాదాపు సగం నీరే.

అయితే అన్ని వెదుళ్ళూ బొంగులు కావు. తూర్పు కనుమల్లో ప్రధానంగా కనబడేవి రెండు రకాలు. సాధనపు వెదురు సన్నగా, గోడ మందంగా ఉంటుంది, ఎండు నేలల్లో పెరిగినదైతే లోపల దాదాపు బోలే ఉండదు. కర్రకూ నిచ్చెనకూ అది మేలు. ముళ్ళ వెదురు లావుగా, లోపల ఖాళీగా ఉంటుంది, నరకడానికి వెళ్ళినవాడి చేతులు గీరిపోతాయి. వంటకు కావలసింది లోపలి ఖాళీ, అసలు బొంగు అనే మాటకు అర్థమే అది. రకం కుదిరాక వయసు చూడాలి. చెట్టు వయసును లావు చూసి చెప్పే అలవాటు ఇక్కడ పనికిరాదు. వెదురు గడ నేలలోంచి ఎంత లావుతో పైకి వస్తుందో అంతే లావు జీవితాంతం, ఒక్క వానాకాలంలోనే పూర్తి ఎత్తుకు ఎదిగిపోతుంది. ఆ తర్వాతి సంవత్సరాల్లో అది ముదురుతుందే గానీ పెరగదు. కాబట్టి వయసును చర్మం మీద చదవాలి. కణుపుల దగ్గర ఎండు పొరలు ఇంకా అంటిపెట్టుకుని, ఒంటి మీద బూడిద రాసినట్టు తెల్లని మైనపు పూత ఉంటే అది ఈ ఏటిది. పూత పోయి నిగనిగలాడే పచ్చదనం వస్తే ఏడాది దాటింది. ఆకుపచ్చ మాసిపోయి, మచ్చలు లేచి, పాచి పట్టి ఉంటే మూడేళ్ళు దాటి ముదిరింది. మొదటిది మంట మీద మెత్తబడిపోతుంది, దాని పసరు మాంసాన్ని ముంచేస్తుంది. మూడోది తడి లేక పగులుతుంది, అంటుకుంటుంది కూడా. ఈ రెండింటి నడుమ ఉన్నదే కుండ. అదే గడలో కూడా మొదలు దగ్గరి కణుపులు పొట్టివి, కొస దగ్గరివి ఇరుకువి. నడుమ భాగంలో అడుగు, అడుగున్నర పొడుగున్న కణుపులే వంటకు వస్తాయి.

కోత కూడా ఆలోచించి పెట్టిందే. కింది కణుపును అలాగే ఉంచి పై కణుపుకు కాస్త దిగువన కోస్తారు. కింది అడ్డుగోడ కుండ అడుగవుతుంది, పైన మూతి తెరుచుకుంటుంది. ముక్కలు చిన్నవిగా కొట్టి ఉప్పు, పసుపు, కారం, అల్లం పట్టించి నింపుతారు. ఈ కొండల్లో పండే పసుపూ అల్లమూ మిరియాలూ చాలు, నీళ్ళూ నూనే అక్కర్లేదు. పైన కొంత ఖాళీ వదిలి ఆకు కుక్కుతారు. మన్యంలో విస్తళ్ళకు వాడే అడ్డాకు ఇందుకు బాగా సరిపోతుంది. ఆకు కుక్కడంలో ఒక మెలకువ ఉంది. వదులైతే ఆవిరంతా పోతుంది. బిరడాలా బిగిస్తే ఆవిరికి దారి ఉండదు. రెండు పక్కలా మూసుకుపోయిన వెదురును నిప్పులో వేస్తే ఏమవుతుందో చైనా వాళ్ళను అడగాలి. వారి భాషలో టపాకాయకు ఉన్న పేరు బావోజు, అంటే పేలే వెదురు. మందుగుండు పుట్టక ముందు పండగలకు అక్కడ పేల్చినవి అవే. ఆకు మూత అలా పేలకుండా ఆవిరిని కొంచెం కొంచెంగా వదులుతుంది. వంట ఎంతదాకా వచ్చిందో చెప్పేదీ అదే: మొదట తెల్లని ఆవిరి, తర్వాత నురగ, చివరికి వాసన.

మంట సంగతికొస్తే, బొంగును నిప్పుల్లో పడుకోబెట్టరు, మూతి పైకి ఉండేలా వాలుస్తారు, లేకపోతే ఊరిన రసం బయటికి పోతుంది. మొదట మంట, తర్వాత కణకణలాడే నిప్పులు. మధ్యమధ్య చేత్తో తిప్పుతూనే ఉండాలి. వెదురు పైపొరలో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, అందుకే వెంటనే అంటుకోదు. గోడలో తడి ఉన్నంతసేపూ లోపలి వేడి నూరు డిగ్రీల చుట్టుపక్కలే ఆగుతుంది, ఎందుకంటే అదనంగా వచ్చిన వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. మంటను చూసే మనిషి కాస్త ఏమరినా బొంగు ఏమరదు. ఆ ఆవిరిలో నాటుకోడి నరాలు నెమ్మదిగా కరిగి జిగురవుతాయి, ముక్క ఎముకను వదులుతుంది. టర్కీ వండేవారు వెన్నతో, రేకుతో, ఉప్పునీటితో సాధించాలనుకునే తడిని ఇక్కడ పాత్రే కాపాడుతుంది. ముక్కలు చిన్నవి కాబట్టి రొమ్ముకొక లెక్క, కాలికొక లెక్క అన్న గొడవా ఉండదు. ఆఖరి పది నిమిషాల్లో గోడ ఎండి బయట నల్లబడుతుంది, అప్పుడే గోడను ఆనుకున్న ముక్కలకు కాలిన రుచి పడుతుంది. ముందే దించితే ఉడికిన కోడి, ఆలస్యమైతే బొగ్గు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. ఇదంతా ఆవిరి వంటే అయితే కుక్కర్‌లో మూడు కూతలు పెట్టిస్తే సరిపోదా? వెదురు వాసన అనేది మన ఊహ కాదా? కుక్కర్ లోపలి వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, పైగా మనం నీళ్ళు పోస్తాం, రుచి ఆ నీళ్ళలోకి దిగుతుంది. బొంగులో పోసిన నీరు లేదు. గోడలోంచి ఊరిన చెమ్మ, మాంసంలోంచి వచ్చిన రసం, కొద్దిపాటి కొవ్వు, ఇవి మాత్రమే కలుస్తాయి. వాసన ఊహ కాదనడానికి థాయిలాండ్ నుంచి ఒక సాక్ష్యం ఉంది. అక్కడ బియ్యమూ కొబ్బరిపాలూ పోసి వెదురులో కాల్చే ఖావ్ లామ్‌ను చీల్చినప్పుడు, గొట్టం లోపలి పల్చని తెల్ల పొర అన్నానికి అంటుకుని వస్తుంది. పాత్రలో కొంత భాగం భోజనంలోకి వచ్చిందన్నమాట. కళ్ళకు కనబడే పొరే వస్తే కనబడని వాసన రాదనడం ఎలా?

ఇది గిరిజనుల వంటేమీ కాదు, పర్యాటకుల కోసం నిన్న మొన్న పుట్టించిందే అనేవారూ ఉన్నారు. పేరు మటుకు కొత్తదే, చికెన్ అనే మాటే ఆ సంగతి చెబుతుంది. 2017లో అద్దాల పెట్టె రైలు మొదలయ్యాక అరకు దారిలో రద్దీ పెరిగింది, దుకాణాలూ పెరిగాయి. కానీ దుకాణం కొత్తదైతే గొట్టం కొత్తది కాదు. కొరాపుట్ కొండల్లో ఉంది, మారేడుమిల్లి అడవుల్లో ఉంది, అస్సాంలో బియ్యం పోసి చుంగా సాల్ అంటారు, నాగాలాండ్‌లో పంది మాంసం పెడతారు, మలేసియాలో లెమాంగ్, వియత్నాంలో కొమ్ లామ్. అరకు ప్రాంతపు గదబ గిరిజనుల గుతోబ్ భాష ఆ వియత్నామీ భాషకు దూరపు చుట్టమే, అలాగని వంట అక్కణ్నుంచే వచ్చిందనడం తొందరపాటు. వెదురూ నిప్పూ ఉన్న చోటల్లా ఎవరికి వారికే తట్టగల ఉపాయం ఇది, అందుకే పాతదని నమ్మొచ్చు. చైత్రంలో మన్యం జరుపుకునే ఇటుకల పండుగను గమనిస్తే దీని పని ఏమిటో తెలుస్తుంది. మగవాళ్ళు వేటకని అడవికి పోతారు, ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్రలు పెట్టి వచ్చేపోయే బళ్ళను ఆపి పండగ డబ్బు అడుగుతారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం వేటను నేరం చేసింది. అయినా రోజంతా అడవిలో గడిపే మనుషులకు కుండ లేని వంట అవసరమైన సందర్భం ఎలాంటిదో ఆ పండుగ ఇప్పటికీ చూపిస్తుంది. ఇక అసలు సిసలు అన్న పట్టుదల మరీ ఎక్కువైతే కారాన్నీ తీసెయ్యాలి. మిరప పుట్టింది టర్కీ కోడి పుట్టిన అమెరికా ఖండంలోనే. పోర్చుగీసు గోవా దారిన ఆ పక్షి కూడా మనకు వచ్చింది. 1612లో జహంగీరు ముందుకు గోవా నుంచి తెచ్చిన టర్కీ కోడిని ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ బొమ్మ గీశాడు. మిరప మన వంటింట్లో స్థిరపడింది, టర్కీ బొమ్మలో మిగిలిపోయింది.

నూనె లేదు కాబట్టి ఆరోగ్యం అన్న ప్రచారాన్ని మాత్రం పూర్తిగా సమర్థించలేం. తోలుతో వేసిన బ్రాయిలర్‌లో దాని కొవ్వు దానికుంది. పైగా బ్రాయిలర్‌కు ఈ వంట అసలు అవసరమే లేదు. కరగాల్సిన నరం అందులో లేదు, అరగంట బొంగులో ఉంచితే పొడిపొడి అవుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికే దుకాణాల్లో మసాలా చిక్కబడుతోంది, ముందే సగం ఉడికించి బొంగులోకి ఎక్కించడమూ అలాగే వస్తుంది. అప్పుడు వెదురు పాత్రగా కాక అలంకారంగా మిగులుతుంది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వెదురుదే. ఒక్క పూట తిండికి ఒక కుండ తగలబెట్టడం వేటకు పోయిన నలుగురికి చెల్లింది, వారాంతపు రద్దీకి చెల్లుతుందా? ఒక గడలో వంటకు పనికొచ్చే కణుపులు ఎనిమిదో పదో. ఆదివారం ముప్పై బొంగులు అమ్మే దుకాణం ఉందనుకుంటే దానికి మూడు నాలుగు గడలు కావాలి, అలాంటి దుకాణాలు దారి పొడవునా ఉన్నాయి. అయితే వెదురు నరికితే చచ్చే మొక్క కాదు, గడ్డిజాతిది. పొదలో ముదురు గడలను పలచన చేస్తే కొత్తవి బలంగా వస్తాయి. చచ్చేది పూసినప్పుడు. దశాబ్దాలకొకసారి పొదలన్నీ ఒక్కసారే పూసి, వెదురు బియ్యం రాల్చి, ఎండిపోతాయి. అటవీ యాజమాన్యం పాటించే పద్ధతి కూడా తెలిసిందే: ఈ ఏటి గడను ముట్టకూడదు, వానల్లో కత్తి పెట్టకూడదు, పొద అంచున కొత్తవి లేచే చోటును వదిలి లోపలి నుంచి తీయాలి. వంట కోరే వయసుకూ ఈ పద్ధతికీ నిజంగా తగువు లేదు, ఈ ఏటి లేత గడ ఎలాగూ మంటకు నిలవదు. తగువు వచ్చేది నరికేవాడికి పొద తెలియనప్పుడు, లారీలో కట్టలుగా దింపించుకున్నప్పుడు. చట్టం కూడా ఈ మధ్యే దారికొచ్చింది. 1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కగట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఫలసాయంగా గుర్తించి సేకరణ హక్కు గిరిజనులకిచ్చింది. 2017 సవరణ అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసేసింది. అంటే సొంత పొలం గట్ల మీదా, కాఫీ తోటల అంచునా ముళ్ళ వెదురు నాటి, గడ వయసు చూసి కోసి దుకాణానికి అమ్ముకోవడానికి చట్టం అడ్డం రాదు. ప్లేటు ధరలో కోడికీ మసాలాకూ లెక్క ఉంటుంది, గడ ఎంచి తెచ్చినవాడి కూలికి మాత్రం విడిగా లెక్క కనబడదు. జూలై వానలకు మన్యం సంతల్లోకి కూరకని వెదురు కొమ్ములు వస్తాయి. బుట్టలోకి రాకుండా పొదలో మిగిలిన కొమ్ము అదే వానాకాలంలో నిలువెత్తు దాటి గడ అవుతుంది. బొంగు కావాలంటే మరో రెండు వానలు ఆగాలి.