మైనం మీద మెట్లు

బొబ్బిలి అనగానే మనకు 1757 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. కత్తికి వచ్చినంత పేరు ఆ ఊరి వీణకు రాలేదు. దగ్గర్లోని గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి ఇళ్లలో పనస దుంగను వీణగా మలిచే విద్య తరాలుగా నడుస్తోంది.

వీణకూ మోక్షానికీ ముడిపెట్టడం మనకు కొత్త కాదు. వీణావాదన తత్త్వం తెలిసి, శ్రుతిజాతుల్లో నేర్పు, తాళజ్ఞానం ఉన్నవాడు ప్రయాస లేకుండానే మోక్షమార్గం అందుకుంటాడని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. దండి మన వెన్నెముకకు గుర్తు, 24 మెట్లు వెన్నుపూసలు అని చెప్పే పెద్దలూ ఉన్నారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, నా మటుకు నాకు వీణలోని ఆధ్యాత్మికత ఆ పోలికల్లో కనిపించదు. మెట్లను పట్టి నిలిపే మైనం దగ్గర కనిపిస్తుంది.

ముందు కొయ్య సంగతి. బొబ్బిలి వీణకు పేరు తెచ్చింది ఏకాండి పని. కుండ, దండి వేర్వేరుగా చేసి అతికించరు, ఒకే దుంగలో చెక్కుతారు. పనస కొయ్య తేలిక, చెదకు తొందరగా లొంగదు, బాగా మోగుతుంది. కుండను ఉలితో లోపలికి తొలిచేటప్పుడే అసలు పరీక్ష. మందం మిగిలిపోతే నాదం మూగబోతుంది, మరీ పలచబడితే కొయ్య నిలవదు.

ఆ తర్వాత దండి మీద రెండు వరుసలుగా నల్లటి మైనం కట్టి, దానిపై స్థాయికి 12 చొప్పున కంచు మెట్లు నిలుపుతారు. ఇక్కడ కొలబద్ద ఒక హద్దు వరకే పనికొస్తుంది. తీగ మీటాలి, వినాలి, మెట్టును వెంట్రుకవాసి జరపాలి, మళ్లీ మీటాలి. చెవి ఒప్పుకునేదాకా ఇదే పని. పోనీ, ఒకసారి కుదిరాక అయిపోయిందా అంటే లేదు. ఎండలకు మైనం మెత్తబడుతుంది, మెట్టు కదులుతుంది, మళ్లీ మొదటికి. శ్రుతి ఎవరికీ శాశ్వతంగా రాసిచ్చిన ఆస్తి కాదు.

వాయించేవారి కష్టమూ వినడంలోనే ఉంది. నాలుగు తీగలు వాయించడానికి, పక్కనున్న మూడు తాళానికి. ఎడమచేతి వేలితో తీగను మెట్టు మీదే పక్కకు లాగితే, ఒక్క మీటులోంచి రెండు మూడు స్వరాలు పలుకుతాయి. అదే గమకం. మీటిన నాదం తరిగిపోయేలోపే ఆ లాగుడు పూర్తవ్వాలి. కాబట్టి వైణికుడి మనసు తరిగే ఆ నాదాన్ని వదిలి పక్కకు పోవడానికి వీల్లేదు. కళ్లు మూసుకుని కూర్చోవడమే ధ్యానం అనుకునేవాళ్లు ఒక్క రాగాలాపన దగ్గరగా కూర్చుని వింటే చాలు.

నాడు బొబ్బిలిపై కత్తి దూసిన విజయనగరమే తర్వాత సంగీతానికి నీడనిచ్చింది. వీణ వెంకటరమణదాసు అక్కడి ఆస్థాన విద్వాంసులు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా విజయరామ గాన పాఠశాల మొదలైంది.

బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ సన్మాన సభల్లో చేతికిచ్చే బొమ్మ వీణలకే గిరాకీ. అవి కొనడం తప్పు కాదు, పనివారి ఇల్లు గడవాలి కదా. గొల్లపల్లి వెళితే మాత్రం చెక్కడం మెచ్చుకుని వచ్చేయకండి, తీగలు బిగించిన వీణ ఒకటి మీటించుకుని వినండి. మీ ఇంట్లో వీణ నేర్చుకునే పిల్లలుంటే, వాళ్ల వీణ అక్కడే చేయించండి.