ప్రయోజనమునకు కొలత యెవరిది?

వాస్తుకళలో ప్రయోజనవాదము కట్టడముయొక్క ప్రతి అంగమును ఒకే ప్రశ్న అడుగును: నీవలన కలుగు ఉపయోగమేమి? ఈ ప్రశ్నకు తప్పించుకొన వీలులేని నిర్మాణము బహిరంగమైన ఈతకొలను. నీరు, ఎండ, మానవదేహము అను ఈ మూటికిని పనికిరాని గోడ అచ్చట వెంటనే బయటపడును. ఇంగ్లండులో బ్రైటన్ చెంత 1938లో తెరచిన సాల్ట్‌డీన్ కొలనునకు అర్ధచంద్రాకారముగ వంగిన భవనమే అలంకారము. వేరొక శిల్పము దానికి అక్కరలేకపోయినది.

అయితే ఆ ప్రశ్నను ఎవరి పక్షమున అడుగుచున్నారన్నది విచారింపవలసిన విషయము. 1934లో లండన్ జంతుప్రదర్శనశాలలో లుబెట్కిన్ బృందము పెంగ్విన్ పక్షులకై నిర్మించిన కొలను ఈ వాదమునకు మకుటాయమానమని ప్రసిద్ధికెక్కినది. గాలిలో తేలుచున్నట్లు మెలికలు తిరిగిన రెండు కాంక్రీటు వాలుదారులు చూపరులను ముగ్ధులను గావించినవి. కాని ఆ గట్టినేల పక్షుల పాదములకు సరిపడలేదు. 2004లో వానిని వేరొక చోటికి తరలించిరి. చూడవచ్చినవారి ప్రయోజనము నెరవేరినది. వసించువాని ప్రయోజనము నెరవేరలేదు.

ఈ భేదమును జంషెడ్‌పూరు నగరమునకు అన్వయించి చూడవచ్చును. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థకై సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమము చెంత వెలసిన ఊరిది. పుట్టుకయే ప్రయోజనముకొరకైన ఈ నగరమునకు ప్రణాళికలను పలుమారులు రచించిరి. వానిలో విమర్శకు మిక్కిలి తగినది ఆటో కోనిగ్స్‌బెర్గర్ 1940లలో రచించినది. బెర్లినులో విద్యనభ్యసించి, నాజీల ఏలుబడి కారణముగ స్వదేశమును వీడి, 1939లో మైసూరు సంస్థానపు కొలువునకు వచ్చిన వాస్తుశిల్పి యితడు.

నివాసములను చిన్న పేటలుగ విభజించి, ప్రతి పేటకును బడిని, అంగడిని, ఆటస్థలమును నడకదూరములో అమర్చుట ఆ ప్రణాళికకు ప్రాణము. అమెరికాలో క్లారెన్స్ పెర్రీ 1929లో ప్రతిపాదించిన భావనకు ఇది భారతీయరూపము. ఇందలి గొప్పదనమును కాదనరాదు. కొలిమికి ఎంత కూలి వలయునో లెక్కించుటకే పుట్టిన నగరములో, బడికి నడచు పిల్లవాని అడుగును కొలతగ గ్రహించుట సామాన్యమైన మార్పు కాదు. ఉష్ణదేశమున గాలి, నీడ ఇంటికి భూషణములు కావు, ఆవశ్యకములని ఎరిగినవాడగుటచేతనే కోనిగ్స్‌బెర్గర్ తరువాత లండనులో ఉష్ణమండల వాస్తువునకు ఆచార్యుడైనాడు.

కాని ఆ ప్రణాళిక సంపూర్ణముగ అమలు కాలేదు. దాని గీతలకు వెలుపల బస్తీలు పెరిగినవి. సంస్థ పట్టీలో పేరులేని కూలికి పేటలోను, పటములోను చోటు దొరకలేదు.

పేరున్నవాని అవసరములైనను అన్నియు లెక్కకు వచ్చినవా? ఉత్తరాంధ్రమునుండి కూలికై తరలి వచ్చిన తెలుగువారు ఈ నగరములో పలువురు. బిష్టుపూరులో ఆంధ్రభక్తులు నెలకొల్పిన శ్రీరామమందిరము దక్షిణదేశరీతి గోపురముతో నిలిచియున్నది. శుద్ధ ప్రయోజనవాదికి ఆ బొమ్మలు, ఆ రంగులు వ్యర్థాలంకారములు. కొలిమి వేడినుండి వచ్చినవానికో, దూరమునుండి కనబడు ఆ గోపురము తన భాష వినబడు చోటు, ఊరి వార్త తెలియు చోటు, బిడ్డ పెండ్లిమాట కుదురు చోటు. అలంకారమని తోసివేసినది అతనికి పరమప్రయోజనము.

కావున ప్రయోజనవాదము అడిగిన ప్రశ్న తప్పు కాదు. దానికి ఉత్తరము చెప్పవలసినవారిని పిలువకపోవుట తప్పు. కళ కళకొరకా, ప్రజలకొరకా యని తెలుగు సాహిత్యమున చిరకాలము సాగిన వాదమునకును ఇది వర్తించును. ప్రజలకు ఉపయోగపడునది ఇదియని వారిని విచారింపకయే నిర్ణయించిన రచన, ఎంత నిరాడంబరమైనను, పెంగ్విన్‌ల కొలను వంటిదే. గోపురమును తామే ఎత్తుకొన్న కూలివారు తమ ఉత్తరమును ఎవరును అడుగకయే చెప్పియున్నారు.