మధ్య శిలాయుగం, సూక్ష్మ శిలాయుగం: గుహావశేషాల వర్ణనలో ఒక పరిభాషా సమస్య

తెలుగు చరిత్ర రచనల్లో ‘మెసోలిథిక్’ అనే మాటకు ‘మధ్య శిలాయుగం’, ‘సూక్ష్మ శిలాయుగం’ అనే రెండు పదాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది కాలక్రమంలోని స్థానాన్ని చెబుతుంది. రెండవది పరికరం పరిమాణాన్ని చెబుతుంది. వీటిని పర్యాయపదాలుగా గ్రహించడం గుహల్లోను, శిలాశ్రయాల్లోను లభించిన అవశేషాల విషయంలో ఎంతవరకు చెల్లుతుందన్నది ఇక్కడి ప్రశ్న.

మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా వంటి చోట ఇబ్బంది అంతగా కనిపించదు. అక్కడ వి.ఎన్. మిశ్రా 1970లలో తవ్విన శిలాశ్రయంలో కింది పొరల పనిముట్లు క్వార్ట్జైట్‌వి. పై పొరలో కాల్సిడోనీతో చేసిన సూక్ష్మ పరికరాలు వచ్చాయి. పరికరమూ, పొరా, కాలమూ కలిసి మారాయి కనుక ఏ పేరు పెట్టినా అర్థం చెడదు.

కర్నూలు ప్రాంతానికి వస్తే ఈ పొందిక నిలవదు. జుర్రేరు లోయలోని జ్వాలాపురం తొమ్మిదవ శిలాశ్రయంలో సూక్ష్మ పరికరాలు సుమారు 35,000 ఏళ్ళ నాటి నుండే కనిపిస్తున్నాయి. వాటితో పాటు పూసలు, మానవ కపాల శకలాలు కూడా దొరికాయి. మన పాఠ్యగ్రంథాలు మధ్య శిలాయుగాన్ని సుమారు 10,000 ఏళ్ళ కిందట మొదలుపెడతాయి. అంటే ఒక అంచున వాడిని ఉంచి, మరో అంచును మొద్దుచేసిన ఆ చిన్న రాతిముక్క, తన పేరు మోస్తున్న యుగం కంటే ఇరవై వేల ఏళ్ళకు పైగా పాతది! ‘సూక్ష్మ శిలాయుగపు అవశేషాలు’ అని రాస్తే పాఠకుడు ఏ కాలాన్ని ఊహించుకోవాలి?

‘మధ్య’ అన్న విశేషణం మరో చిక్కు. అదే లోయలో సుమారు 74,000 ఏళ్ళ నాటి తోబా అగ్నిపర్వత భస్మపు పొరకు కిందా పైనా దొరికిన పనిముట్లను పరిశోధకులు మధ్య ప్రాచీన శిలాయుగానికి చేర్చారు. ‘ప్రాచీన’ అన్న పదం అచ్చులో జారిపోతే (ఇది తరచు జరిగేదే) రెండు యుగాలు ఒకటైపోతాయి. శ్రీలంకలో దెరణియగల బటదొంబలెన గుహలోని ముప్పై వేల ఏళ్ళు దాటిన సూక్ష్మ పరికరాల సంస్కృతిని కూడా ‘మెసోలిథిక్’ అనే వ్యవహరించారు. ఆయన ఆ మాటను వాడిన అర్థం వేరు. తెలుగులోకి తెచ్చేవారు ఆ తేడాను చెప్పక తప్పదు.

ముచ్చట్ల చింతమాను గవిలో ఎం.ఎల్.కె. మూర్తి బయల్పరచిన పనిముట్లలో అధికభాగం ఎముకవి. ‘శిలాయుగం’ అన్న మాటే అక్కడ కొంత ఇరుకు. ‘గవి’ అన్న సీమ పలుకుబడిని ఆ స్థలనామం నిలుపుకొన్నది. మన వ్యాసాలు మాత్రం గవినీ శిలాశ్రయాన్నీ కలిపి ‘గుహ’ అనేస్తాయి. వెలుతురు పడే రాతిచూరు కింది నివాసం వేరు, లోతైన బిలం వేరు.

కనుక ‘సూక్ష్మ శిలాపరికరాలు’ అన్నది వస్తువుకే పరిమితం కావాలి. దానిని యుగనామంగా వాడరాదు. ‘మధ్య శిలాయుగం’ వాడిన ప్రతిచోటా ఆ పొరకు లభించిన కాలనిర్ణయాన్ని అంకెల్లో పక్కనే ఇవ్వాలి.