కలం పట్టించేవాళ్ళూ, కలం పట్టేవాళ్ళూ

మన విమర్శ కథను పరిశీలిస్తుంది, కథకుణ్ణి పరిశీలిస్తుంది, ఇద్దరికీ వెనకవున్న సమాజాన్ని పరిశీలిస్తుంది. ఆ కథ మొదటిసారి చదవబడిన గదిని మాత్రం పరిశీలించదు. ఆ గదికి అద్దె కట్టినవాళ్ళెవరు, ఆ కథను ముందుగా విన్నవాళ్ళెవరు, ఏ వాక్యం కొట్టెయ్యమన్నారు, ఎందుకు కొట్టెయ్యమన్నారు అనే ప్రశ్నలు మన వ్యాసాల్లో కనిపించవు. చిన్న సాహిత్యసంస్థలను, కథా కార్యశాలలను నడిపేవాళ్ళ పేర్లు కృతజ్ఞతల పేజీలో ఆగిపోతాయి. సాహిత్యం ఒక సామాజిక ఉత్పత్తి అని నమ్మేవాళ్ళు ఆ ఉత్పత్తి జరిగేచోటును వదిలెయ్యడం విచిత్రం.

ఈ పని మనకు కొత్తది కాదు. 1930ల చివరి సంవత్సరాల్లో అనంతపురంలో విద్వాన్ విశ్వం, తరిమెల నాగిరెడ్డి వంటి యువకులు నవ్యసాహిత్యమాలను నడిపారు. చిన్న చిన్న పుస్తకాలే వాళ్ళ ఆయుధాలు. యుద్ధపు ఆర్థిక ప్రభావాన్ని గురించి పుస్తకం రాసినందుకు నాగిరెడ్డి జైలుకు వెళ్ళారు. 1990 నుంచి వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ కథాసాహితి తరఫున ఏటేటా కథాసంకలనాలు తెచ్చారు. 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో కథానిలయాన్ని నెలకొల్పి తెలుగు కథకు ఒక ఇల్లు కట్టారు. మొదటివాళ్ళు ప్రచురించారు, రెండవవాళ్ళు ఎంపిక చేశారు, మూడవవారు భద్రపరిచారు. ఈ మూడింటికీ ముందు జరగవలసిన పని ఒకటుంది: రాయనివాళ్ళ చేత రాయించడం. ఆ పని చిన్న వూళ్ళలో, ఎక్కువగా బడిపంతుళ్ళ భుజాలమీద నడుస్తోంది. అనంతపురం జిల్లాలో సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి ఇద్దరూ ఉపాధ్యాయులు కావడం కాకతాళీయం కాదు. పల్లె పిల్లలతో రోజూ మాట్లాడే చదువుకున్నవాడు అక్కడ ఉపాధ్యాయుడే.

నేర్పేవాడి చేతిలో వున్న అధికారం ప్రచురణకర్త అధికారం కన్నా పెద్దది. ప్రచురణకర్త తిప్పి పంపిన కథ రచయిత దగ్గరే వుంటుంది. నేర్పేవాడు కాదన్న కథ అసలు పుట్టకుండా పోవచ్చు.

కణేకల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ప్రాంతం ఇది. పక్కనే హగరి అని పిలిచే వేదవతి. ఏటిలోని ఇసుక నైరుతి గాలులకు లేచి పొలాలమీద మేట వేస్తుంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు వచ్చేదీ ఈ ప్రాంతానికే. ఆ నీళ్ళతో చెరువు నిండుతుంది, కాలువ కింద వరి పండుతుంది. ఒకే మండలంలో ఒకచోట వరిమడి, మరొకచోట ఇసుకదిబ్బ. తెలుగూ కన్నడమూ వీధిలో కలిసే తిరుగుతాయి.

ఇలాంటి చోట కార్యశాల పెట్టి, "మీ ప్రాంతపు కరువు గురించి కథ రాయండి" అన్నారనుకోండి. విద్యార్థి ఏం రాస్తాడు? ఎండిన బోరు, అప్పులవాడు, చివర పురుగుమందు డబ్బా. ఇవేవీ అబద్ధాలు కావు. ఈ జిల్లా వాటిని అనుభవించింది. కానీ ఆ విద్యార్థి వాటిని తన వూరినుంచి తీసుకోలేదు, తను చదివిన కథల నుంచి తీసుకున్నాడు. కాలువ నీరు ఎవరి మడిదాకా వచ్చి ఆగిందో, ఇసుక మేట వేసిన పొలం ఎవరిదో, ఆ పొలం వదిలినవాళ్ళు ఎవరి వరిమడిలో కూలికి దిగారో అతనికి తెలుసు. వర్గవైరుధ్యం అక్కడే కళ్ళెదుట వుంది. దాన్ని గురించి మాత్రం ఎవరూ అడగలేదు. కరువును ప్రకృతి శాపంగా రాయించే కార్యశాల, నిర్వాహకుల అభ్యుదయ ఉద్దేశాలు ఎలా వున్నా, అభివృద్ధి నిరోధకమైన పనే చేస్తుంది.

భాష విషయమూ అంతే. మడక అని రాసినచోట నాగలి అనీ, శెనిక్కాయ అని రాసినచోట వేరుశనగ అనీ దిద్దే ఎర్రసిరా ఇప్పటికీ ఎండిపోలేదు. సంభాషణలో మాండలికం వుండనిచ్చి, కథనాన్ని శిష్టభాషలోకి మార్చమనే సలహా ఇంకా సామాన్యం. అందులోని అర్థం ఏమిటి? వూరివాళ్ళు మాట్లాడవచ్చు, ఆలోచించే భాష మాత్రం మరొకరిది కావాలని. కన్నడం కలిసిన వాక్యం కనిపిస్తే దాన్ని తప్పు కింద లెక్కవేసేవారికి సరిహద్దు జీవితం అర్థం కాదు.

ఇంత చెప్పి నిర్వాహకులను చులకన చెయ్యడం న్యాయం కాదు. జీతంలోంచి కాగితాలు కొని, ఆదివారం వదులుకుని, బడి గది తాళంచెవి కోసం తిరిగి, వచ్చిన పదిమందికి భోజనం ఏర్పాటుచేసే మనిషి శ్రమను నగరంలో కూర్చుని వెక్కిరించడం తేలిక. ఆ శ్రమ లేకపోతే దిద్దడానికి కూడా కథ వుండదు. కానీ శ్రమ గొప్పది కాబట్టి విమర్శ పనికిరాదనడం సంస్థకు మేలు చెయ్యదు. వేదికమీద అతిథి గంటన్నర మాట్లాడి, కొత్త రచయితకు పది నిమిషాలు మిగిల్చిన సభను జయప్రదం అని మన పత్రికలే రాస్తున్నాయి. సన్మానం చేసేవాడి పేరు సంకలనం అట్టమీదికి ఎక్కితే, ఆ డబ్బు ఏ కథను ఆపిందో అడగవలసిన బాధ్యతా మనదే.

అందువల్ల ఇలాంటి సంస్థను అంచనా వెయ్యడానికి ఎన్ని సంకలనాలు వచ్చాయన్నది ఒక్కటే కొలత కాదు. కూలికి వెళ్ళే ఇంటి ఆడపిల్ల ఆదివారం ఆ గదికి రాగలిగిందా? రాలేకపోతే గది ఆమె దగ్గరకు వెళ్ళిందా? ఆమె కథను మొదట విన్నవాళ్ళలో ఆమె వూరివాళ్ళు వున్నారా? దిద్దుబాటును ఆమె కాదనగలిగిందా? అయిదేళ్ళ తర్వాత ఆ సంస్థను నడిపేవాళ్ళలో అక్కడ రాయడం నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది? చివరి ప్రశ్నకు జవాబు "ఎవరూ లేరు" అయితే, ఆ సంస్థ రచయితలను కాక శ్రోతలను తయారుచేసిందని అర్థం.

కథాసంకలనాన్ని సమీక్షించినట్టే కార్యశాలను కూడా మన పత్రికలు సమీక్షించాలి. సభావిశేషాలు చాలవు. ఏ కథ ఏ రూపంలో వచ్చి ఏ రూపంలో వెళ్ళిందో రాయాలి. అలా రాస్తే నిర్వాహకుల్లో కొందరికి కోపం రావచ్చు. వాళ్ళ పనిని సాహిత్యపు పనిగా గుర్తించడం మాత్రం అప్పుడే మొదలవుతుంది.